కేకలత్త ఆరేసిన తాడు

మొదటి ఉద్యోగం దొరికిన రోజుల్లో మనిషికి రెండు భ్రమలుంటాయి. లోకాన్ని తాను కాపాడుతున్నానన్నది ఒకటి, అందుకు లోకం సంతోషిస్తుందన్నది రెండోది. మొదటిది నాకు మూడు నెలలు నిలిచింది. రెండోది వారంలోనే వదిలింది, వదిలించినవాళ్ళందరూ నాకు గుర్తున్నారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. జనం నీళ్ళలో పడి చనిపోకుండా చూసే ఒక సంస్థలో చేరాను. గురజాల వైపు కాలువగట్టున ఉన్న కూలీల కాలనీ నాకు అప్పజెప్పారు. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి బట్టలు, గిన్నెలు, గేదెలు, పిల్లలు, అందరి స్నానమూ కాలువ రేవులోనే. నేను చేరడానికి ముందు ఏడాది అక్కడే ఓ చిన్నపిల్ల కొట్టుకుపోయింది. అందుకని రేవు పక్కన ఇనప స్తంభం పాతి, దానికి పసుప్పచ్చ తాడు కట్టి, తాడు చివర మూత బిగించిన ఖాళీ నూనెడబ్బా తగిలించారు. ఎవరన్నా పడితే డబ్బా విసరాలి, వాళ్ళు పట్టుకున్నాక లాగాలి. ఆ తాడు పోకుండా చూడటం నా పని. (నాకు ఈత రాదు. ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అది వాళ్ళ తప్పేనని ఇప్పటికీ నా వాదన.)

మొదటి తాడు నాలుగు రోజులుంది. రెండోది ఒక గేదె మెడలో తేలింది, దాని డబ్బాలో ఎవరో మిరపచేలో మందు కలుపుతూ కనపడ్డారు. మూడోది ఏమైందో దేవుడికే తెలియాలి. "ఏందయ్యా, తాళ్ళు తింటున్నావా? నెలాఖరుకి పెద్దసారు చూడ్డానికొస్తున్నాడు. నాలుగోది కూడా పోయిందా, నువ్వు ఇంటికే" అన్నాడు మా సూపర్‌వైజరు. నాలుగోది కట్టిన మర్నాడు గుండె చేత్తో పట్టుకుని వెళ్ళాను. తాడుంది. స్తంభం నుంచి తుమ్మకొమ్మ దాకా బారుగా ఉంది. దాని మీద రెండు చీరలు, అయిదు లంగాలు, ఒక దుప్పటి ఉన్నాయి.

అవి ఆ కాలనీలోనే ఉండే కేకలత్తవి. (అరిస్తే అవతలి గట్టుకి వినపడుతుంది, అందుకని ఆ పేరు.) "అత్తా, అది ప్రాణాలు కాపాడే తాడు!" అన్నాను. "కాపాడేటప్పుడు కాపాడుద్దిలే, అప్పటిదాకా ఖాళీగా ఉండి ఏం చేసుద్ది? చానా చెప్పొచ్చావ్!" అంది. సర్పంచికి చెప్పుకున్నాను, నవ్వాడు. పాస్టరుగారికి చెప్పుకున్నాను, ఆదివారం ప్రార్థనలో మందలిస్తానన్నారు, మందలించలేదు. రోజూ తాడు ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాలి కదా, నెలాఖరు దాకా లంగాలే పెట్టాను. "బట్టలకొట్టు ఎప్పుడు తెరిచావ్?" అని మావాళ్ళు రాసినవి ఇంకా చెరపలేదు నేను.

పెద్దసారు వచ్చే రోజు పొద్దున్నే వెళ్ళి నా చేతుల్తో ఆ తడిబట్టలు లాగడం మొదలుపెట్టాను. గాలికి ఒక నీలం లంగా ఎగిరి నీళ్ళలో పడింది. "ఒరేయ్, నా లంగా!" అని వెనకనుంచి కేక. అందుకుందామని కింది మెట్టు మీదికి వంగాను. పాచి. అంతే, కాలువలో ఉన్నాను. రెండు గుక్కలు మింగాక అరవడానికి కూడా నోరు ఖాళీ లేదు. అప్పుడు కేకలత్త కొమ్మకున్న కొస పీకి డబ్బా విసిరింది, మిగిలిన బట్టలతో సహా. డబ్బా చంకలో, దుప్పటి మొహం మీద, ముగ్గురు ఆడవాళ్ళు లాగితే గట్టున పడ్డాను.

పైన జీపు పక్కన నిలబడి పెద్దసారు చప్పట్లు కొడుతున్నాడు. "చేసి చూపిస్తే ఇలా చూపించాలోయ్!" అన్నాడు. నేను దగ్గుతూ దండం పెట్టాను.

ఆయన వెళ్ళాక కేకలత్త నా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించడం ఆమెకి వచ్చని ఆ రోజే తెలిసింది. "ఆ పిల్ల పోయిన రోజు నేనిక్కడే ఉన్నా. చేతిలో తడిచీర ఉంది, విసిరా, అందలా" అంది. తడిసిన దుప్పటి పిండుతూ, "తాడు ఊరికే చుట్టిపెడితే ఎవడో ఎత్తుకుపోతాడు. లంగాలు ఆరేసిన తాడుని ఈ ఊళ్ళో ఏ మగోడన్నా ముట్టుకుంటాడా, నువ్వు తప్ప?" అంది.

ఇప్పుడు నేనే సూపర్‌వైజర్ని, ఈత కూడా నేర్చుకున్నాను. "సార్, తాడు మీద బట్టలారేస్తున్నారు" అని కొత్తవాళ్ళు ఫోన్ చేస్తే, "ఆడవాళ్ళవేగా? ఉండనీ" అంటాను. ఆ కాలనీకి ఎప్పుడు వెళ్ళినా మాత్రం అవతలి గట్టుకి వినపడేలా, "నా నీలం లంగా ఏదిరా?" అని కేక వస్తుంది. రెండుసార్లు కొత్తది కొనిచ్చాను. ఆ నీలం కాదట. జరిగినవి మర్చిపోకుండా మనసులో పెట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరనుకునేవాణ్ణి, కేకలత్తని చూసేదాకా. ఇప్పటికీ నర్సరావుపేటలో బట్టల దుకాణం ముందునుంచి పోతే కాళ్ళు వాటంతటవే ఆగుతాయి, కళ్ళు నీలం రంగుని వెతుకుతాయి.