కాఫీ బల్ల, టీ బల్ల

నరసరావుపేటలో కోర్టు గేటుకు ఎదురుగా ఉన్న టీకొట్టులో రెండు బల్లలున్నాయి. ఒకటి కాఫీ తాగేవాళ్ళది, ఇంకొకటి టీ తాగేవాళ్ళది. అలా విడదీసింది కొట్టు నడిపే అక్క కాదు, నకరికల్లు వైపు నుంచి వాయిదాలకు వచ్చే ఇద్దరు దాయాదులు. వాళ్ళది పొలం గట్టు కేసు. టీ అంతా ఒకే గిన్నెలో మరుగుతుంది గదా. తమ్ముడి వరస అయ్యేవాడు తాగే గిన్నెలోంచి తానూ తాగడం నామోషీ అనిపించి, కేసు పడ్డ కొత్తల్లో పెద్దాయన ఇష్టం లేకపోయినా కాఫీ అడిగాడట. తాగగా తాగగా అదే అలవాటైపోయింది. ఆయన వైపు సాక్షులూ, ఆటోలో వెంట వచ్చే ఊరివాళ్ళూ కాఫీలోకి మారారు.

ఆ పక్కనే కూర్చుని దస్తావేజులు రాసుకునే నేను, చేతిలో గ్లాసు చూసి ఎవరు ఎవరి సాక్షో వకీళ్ళకంటే ముందే చెప్పేవాణ్ని. ఇందులో అబద్ధం కొంచెమే ఉంది.

ఈమధ్య కాఫీ పొడి రేటు మీద రేటు పెరిగింది. అక్క చానాళ్ళు ఓర్చుకుంది. ఇంతలో రోడ్డుకు అవతల అద్దాల తలుపులతో, రంగు రంగుల కాగితం కప్పులతో ఒక కొత్త కొట్టు వెలిసింది. రేటు పెంచితే కాఫీ బల్ల మొత్తం లేచి రోడ్డు దాటుతుంది. పొడిలో చవకగా దొరికే చికోరీ ఎక్కువ కలిపితే తాగేవాళ్ళ నాలుక ఇట్టే పట్టేస్తుంది. ఏమీ చేయకుంటే పోసే ప్రతి గ్లాసూ నష్టమే. కాఫీ బల్ల పోతే సగం కొట్టు పోయినట్టే. చివరికి రేటు పెంచడానికే సిద్ధపడి, ఒక వాయిదా రోజున నన్ను పిలిచింది.

“నువ్వే వాళ్ళకు నచ్చజెప్పు తమ్ముడూ. కథలు చెప్పడం నీకు అలవాటేగా.”

నన్ను పిలవడమే ఆవిడ చేసిన పొరపాటు. నేను చెప్పిన అసలు విషయం నిజమే. బ్రెజిల్‌లో వానలు లేవు, వియత్నాంలోనూ ఎండలే, ప్రపంచం తాగే కాఫీలో చానా భాగం అక్కడిదే. అంతటితో ఆపితే బాగుండేది. నా నోరు ఆగదు. ఒకప్పుడు బ్రెజిల్‌లో మంచు కురిస్తే రైతులు ఒక్కో కాఫీ చెట్టుకూ కంబళి కప్పి, తాము చలికి వణుకుతూ పడుకున్నారని కూడా చెప్పాను. బల్ల బల్లంతా నవ్వింది. కంబళితోపాటు బ్రెజిల్ కూడా అబద్ధమైపోయింది.

పెద్దాయన ఒక్కడే నవ్వలేదు.

“టీ రేటు పెరగలా. కాఫీ రేటే పెరిగింది. ఇక్కడ కాఫీ తాగేది ఎవురు, టీ తాగేది ఎవురు? మధ్యలో బ్రెజిలేందిరా? చేయించినోడు ఆ బల్ల మీదే కూర్చున్నాడు.”

బ్రెజిల్ కరువును కూడా గట్టు కేసులో కలపగలిగే మనుషులు మా పల్నాడులోనే ఉంటారు. అక్క చేతిలో గరిటె ఆగింది.

“బాబాయ్, అవతలి కొట్టుకు పోతామంటే పోండి. నేను మాత్రం పొడిలో ఇంకోటి కలపను.”

కాఫీ బల్ల మీద ఇద్దరు చెప్పులు వెతుక్కున్నారు. అప్పుడు టీ బల్ల మీది తమ్ముడు తల తిప్పకుండానే అన్నాడు. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోరు. ఏ మాటైనా అక్క మీదుగా పోవాల్సిందే.

“అమ్మాయ్, ఆయనకు చెప్పు. పత్తి రేటు పడిపోయినప్పుడు నేను పడగొట్టానా? నాదీ పడింది గదా. ఏ దేశంలోనో పంట ఎక్కువొచ్చిందన్నారు, నోర్మూసుకుని అమ్ముకొచ్చాం. ఇదీ అంతే.”

చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాడు పెద్దాయన. అయినా అక్క ఆ మాట మళ్ళీ చెప్పేదాకా ఆగాడు. విన్నాక తనూ అక్కతోనే అన్నాడు.

“అమ్మాయ్, ఆయన్నడుగు. పెరిగిన రేటు అక్కడ పండించినోడికైనా ముడుతుందా?”

తమ్ముడికీ తెలియదు. నా వైపు చూశాడు. “కథలోడా, నువ్వు చెప్పు.”

ఏది అడిగినా ఏదో ఒకటి అల్లి చెప్పే నేను ఈసారి లెక్క వేసుకున్నాను. రేటు పెరిగిందే చెట్టు ఎండి. ఎండిన చెట్టువాడికి అమ్ముకోవడానికి ఏముంటుంది? కాపు నిలిచినవాడికి నాలుగు డబ్బులు వస్తాయేమో. మధ్యలో కొని నిల్వ పెట్టినవాడికైతే తప్పకుండా వస్తాయి. మా మిర్చి కోల్డ్ స్టోరేజీలు చూసినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక అస్సాంలో కూడా ఎండలకు తేయాకు మాడుతోందని విన్నాను. ఆ సంగతి మాత్రం ఆరోజు బయటపెట్టలేదు. ఒక పూటకు ఒక బల్ల గొడవ చాలు.

“కొందరికి ముడుతుంది పెద్దాయనా. అందరికీ కాదు” అన్నాను. నా మాటకు ఎవరూ నవ్వకపోవడం నాకే కొత్తగా ఉంది.

పెద్దాయన చెప్పులు తొడుక్కున్న ఇద్దరి వైపు చూసి, “కూర్చోండ్రా” అన్నాడు. కొత్త రేటుకే కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టి నాతో, “వాన పడంగానే రేటు తగ్గించమని ఆ బ్రెజిలోడికి చెప్పు” అన్నాడు. చెబుతానన్నాను.

ఆ పూట ఎవరూ రోడ్డు దాటలేదు. రాబోయే వాయిదాకు ఏం చేస్తారో అక్కకూ తెలియదు, నాకూ తెలియదు.