ఊళ్ళో ఉన్న ఉయ్యాలలన్నీ

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. లేకపోతే నన్ను వట్టి మొద్దు అనుకుంటారు. అనుకున్నా తప్పులేదు గానీ, సంగతి తెలిశాక అనుకోండి.

నంద్యాల ఊరి బయట బండల పాలిష్ ఫ్యాక్టరీ మాది. ఫ్యాక్టరీ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, నాలుగు మిషన్లు, షెడ్డు గోడకే ఆనుకుని మా ఇల్లు. బేతంచెర్ల నుంచి లారీల్లో వచ్చే బండలను నున్నగా పాలిష్ పట్టి అమ్ముతాం. పొద్దున మిషన్లు మొదలైతే సాయంత్రం దాకా ఆ మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. పెళ్ళయిన కొత్తలో నాకు పిచ్చెక్కినంత పనయ్యేది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు. మా అత్తను అన్నానికి రమ్మనాలంటే ఎదురుగా పోయి వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపించాలి. మా ఆయనను పిలవాలంటే భుజం తట్టాలి. దూరంగా ఉంటే నేలమీద కాలు గట్టిగా తాటిస్తే సరి, బండల నేల అదురుకు తిరిగి చూస్తాడు. ఏడాది తిరిగేసరికి నేనూ అట్లాగే తయారయ్యాను.

మా పాప ఆ మోతలోనే పుట్టి పెరిగింది. కాలు తాటిస్తే తిరిగి చూసేది. చెయ్యి ఊపితే పరిగెత్తుకొచ్చేది. ఆకలైతే తన బుల్లి వేళ్ళు నోటి దగ్గర పెట్టుకునేది. ఎంత చురుకు, ఎంత తెలివి అని అందరం మురిసిపోయాం. మాటలు ఇంకా రాలేదని నేను అంటే మా అత్త తీసి పారేసింది.

"నీ మొగునికి ఐదేండ్లకు గానీ నోరు పెగల్లేదు. ఇప్పుడు ఆపమన్నా ఆపుతాండాడా?" అంది. నేనూ నవ్వాను.

మూడేళ్ళు నిండాక పాపకు దగ్గు పట్టుకుంది. బండల దుమ్ము వల్లనేనని పిల్లల డాక్టరు చెప్పాడు. రోజూ సాయంత్రం కాసేపు ఆ దుమ్ములోంచి బయటికి తీసుకుపోయి ఆడించమన్నాడు. అట్లా మొదలైంది మా తిరుగుడు. స్కూటీ ముందు పాపను నిలబెట్టుకుని ఊళ్ళోకి పోయేదాన్ని. మొదట పోయింది పెద్ద పార్కుకు. అక్కడ ఉయ్యాలలు, జారుడుబండ, గిరగిరా తిరిగే చక్రం, పిల్లల గోల. ఆ గోలలో నాకు మొదటి నాలుగు రోజులు ఏమీ తెలియలేదు.

ఐదో రోజు పాప ఇసుకలోంచి లేచి గేటు వైపు నడిచింది. గేటు బార్లా తెరిచి ఉంది. అవతల రోడ్డు, బస్సులు, ఆటోలు. పిలిచాను. పోతూనే ఉంది. ఇంకోసారి గొంతు చించుకుని అరిచాను. బెంచీ మీది ఆడవాళ్ళు తిరిగి చూశారు. ఉయ్యాల మీది పిల్లలు తిరిగి చూశారు. చెట్టుకింద పడుకున్న కుక్క కూడా తలెత్తి చూసింది. నా బిడ్డ మాత్రం చూడలేదు. చెప్పులు వదిలేసి పరిగెత్తి, గేటు బయట రెక్క పట్టుకుని లాగాను. ఆటో ఒకటి నా కొంగు తగిలేంత దగ్గరగా పోయింది.

వీపు మీద ఒక్కటిచ్చాను. "పిలుస్తాంటే ఇనపడల్యా నీకు?" అని అరిచాను.

పాప ఏడవలేదు వెంటనే. తల పైకెత్తి నా నోటివైపు చూసింది. ఎందుకు కొట్టానో అర్థం కాని చూపు అది. మొండితనం చేసే పిల్ల అట్లా చూడదు. నేను కోపంలో అన్న మాట అప్పుడు నా చెవిలోనే పడింది. వదిలేసిన చెప్పులు కూడా తీసుకోకుండా పాపను స్కూటీ ఎక్కించాను.

ఇంటికి రాగానే చేసిన మొదటి పని, పాప వెనక నిలబడి కాలు తాటించడం. టక్కున తిరిగింది. అమ్మయ్య అనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. నన్ను నేను ఎంత సులువుగా మోసం చేసుకున్నానో చూడండి. సాయంత్రం మిషన్లు ఆగాక మా ఆయనతో చెప్పాను, పాప పిలిస్తే పలకలేదని.

"మన ఇంట్ల ఎవురు పలుకుతారు? అందరం అంతే గదా," అన్నాడు. రోడ్డు పక్కన పార్కుకు మాత్రం పోవద్దని చెప్పి స్నానానికి లేచిపోయాడు.

అయినా మర్నాడు అక్కడికే పోయాను. బెంచీ మీద కూర్చునే ఒకామె, బజారులో దుకాణం ఉన్నవాళ్ళ కోడలు, నా పక్కకు జరిగింది. మంచి మనిషే. తన పిల్లలకు తెచ్చిన మురుకులు మా పాపకూ పెట్టేది.

"ఏం మా, పాప పిలిస్తే తిరగదే? చెవులు సూపించినారా యాడన్నా?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ పిల్లోల్లను నువ్వు సూసుకోక్కా. నా బిడ్డకేమి, బంగారం మాదిరి ఉంది," అని పాపను చంకనేసుకుని వచ్చేశాను. మళ్ళీ ఆ పార్కు మొహం చూడలేదు.

అప్పట్నుంచి నేను పార్కులు మార్చడం మొదలుపెట్టాను. ఒకచోట నాలుగు రోజులు. ఎవరో ఒకరు పాపను పలకరించేవారు, పాప పలికేది కాదు, వాళ్ళ కళ్ళలో ఆ ప్రశ్న లేచేది. అది నోటిదాకా రాకముందే నేను స్కూటీ దగ్గర ఉండేదాన్ని. చర్చి ఆవరణలో మా బండలతోనే కట్టిన జారుడుబండ ఒకటి ఉండేది. సాయంత్రాలు అక్కడ ఎవరూ ఉండరని సంతోషించాను. మూడో రోజు పాస్టరుగారి భార్య బిస్కెట్లు తెచ్చి "నీ పేరేం పేరమ్మా?" అని అడిగింది. పాప బిస్కెట్టు తీసుకుని నవ్వింది. ఆమె మళ్ళీ అడిగింది. "సిగ్గండీ దీనికి," అని చెప్పి, మర్నాటి నుంచి అక్కడికీ పోవడం మానేశాను. ఒక అపార్టుమెంటు కింద ప్లాస్టిక్ జారుడుబండ ఉంటే వాచ్‌మన్‌ను బతిమాలి వారం రోజులు ఆడించాను. ఆదివారాలు ఒక బడి మైదానం. నంద్యాలలో ఎక్కడ ఏ ఉయ్యాల గొలుసు తుప్పు పట్టిందో నన్ను అడగండి, చెప్తాను.

రైల్వే క్వార్టర్ల దగ్గర మైదానం ఒకటి నన్ను చాలా ఆశపెట్టింది. అక్కడికి పోయిన రోజే గూడ్సు బండి వచ్చింది. బండి ఇంకా కనపడకముందే పాప ఇసుక వదిలేసి కంచె దగ్గరికి పరిగెత్తి చెయ్యి చూపించింది. వినింది! నా బిడ్డ వినింది! నేను అక్కడే కూలబడి ఏడ్చాను. పోతూ పోతూ దానికి ఐస్‌క్రీం కొనిపెట్టాను, దగ్గు సంగతి కూడా మరిచిపోయి. రెండు రోజులు ఇంట్లో ఎగిరి గంతులేశాను.

మూడో రోజు సిగ్నలు దగ్గర ఇంజను ఒకటి నిలిచి ఉంది. కదలడం లేదు. ఉన్నట్టుండి కూత వేసింది. నేను ఉలిక్కిపడ్డాను. పక్కనున్న ఆమె ఒళ్ళో చంటిబిడ్డ కెవ్వుమంది. మా పాప గౌనులోకి ఇసుక ఎత్తుకుంటూనే ఉంది. తల తిప్పలేదు. ఇంజను మళ్ళీ కూత వేసింది. పాప ఇసుక ఎత్తుకుంది. మొన్న గూడ్సు బండిని అది కాళ్ళతో విన్నదని నాకు తెలిసిపోయింది. మా ఇంటి నేల లాగానే అక్కడా నేల అదిరింది, అంతే.

తెలిశాక కూడా డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదని మీరు అడుగుతారు. భయం. దానికి ఇంకో పేరు లేదు. నా చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో మా వీధిలో ఒక ఆడపిల్ల ఉండేది, మాటలు రావు. ఊరంతా దాన్ని మూగది అనేవాళ్ళు. మూగదాన్ని పిలువు, మూగదానికి ఇంత పెట్టు. నేను దానితో అచ్చనగాయలు ఆడాను, కానీ దాని అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. నా బిడ్డకు మేము నెలరోజులు ఆలోచించి పెట్టుకున్న పేరు ఉంది. డాక్టరు ఒక్క మాట కాగితం మీద రాస్తే ఆ పేరు పోతుందనిపించేది. పాప ఉయ్యాల ఊగుతుంటే వెనక నిలబడి ఆ పేరు మెల్లగా పిలిచేదాన్ని, తర్వాత గట్టిగా పిలిచేదాన్ని, తర్వాత చుట్టూ చూసి ఇంకో మైదానం వెతుక్కునేదాన్ని. ఎనిమిది నెలలు అట్లా గడిచిపోయాయి.

వానలు వెలిసిన రోజుల్లో ఆళ్ళగడ్డకు, మా అమ్మ దగ్గరికి పోయాను. మా అమ్మగారి ఇంటి వెనక చిన్న మైదానం, రెండు ఉయ్యాలలు. మైదానం మోకాలెత్తు గోడకు అవతల శిల్పాలు చెక్కేవాళ్ళ షెడ్లు. వాళ్ళకు రాళ్ళు తెచ్చే ట్రాక్టర్లు ఆ మైదానంలోంచే అడ్డంగా పోతుంటాయి. నేనూ అమ్మా గట్టు మీద కూర్చున్నాం. పాప దూరంగా, గోడ వారన కూర్చుని తెల్లటి రాతి పెచ్చులు ఏరి కుప్ప పోసుకుంటోంది.

ట్రాక్టరు ట్రాలీ నిండా రాళ్ళతో వెనక్కి వస్తోంది. దాని వెనక పాప. వానకు నానిన నేల మా ఇంటి నేల లాగా అదరదు. నేను లేచేసరికే అందరూ అరుస్తున్నారు. "పాపా, లెయ్! ఏ పిల్లా, పక్కకు!" డ్రైవరుకు తన ఇంజను మోతలో ఎవరి అరుపూ వినపడదు. పాపకు అసలే వినపడదు. నేను పరిగెత్తాను. ఆ మైదానం ఎంత ఉంటుంది, ముప్పై అడుగులో నలభయ్యో. ఎంతకీ తరగలేదు. అరవడానికి నోరు తెరిచాను గానీ ఎందుకు అరవాలి? నా గొంతు ఎంత పెద్దదైనా దానికి చేరదని ఆ ఊళ్ళో నాకు ఒక్కదానికే తెలుసు.

షెడ్డు ముందు కూర్చున్న ఒక ముసలి శిల్పి అరవలేదు. లేచి గుప్పెడు రాతిపొడి తీసి పాప ముందు పడేట్టు విసిరాడు. పాప తలెత్తింది. ఆయన రెండు చేతులూ బారచాపి ఒక పక్కకు గట్టిగా విసిరినట్టు ఊపాడు. చేతుల భాష మా పాపకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఎగిరి అటువైపు దూకింది. ట్రాలీ చక్రం రాతి పెచ్చుల కుప్ప మీదుగా పోయింది. పెచ్చులు పిండైపోయాయి.

పాపను గుండెకు అదుముకుని అక్కడే కూర్చుండిపోయాను. ముసలాయన నడుచుకుంటూ వచ్చి మా ముందు నిలబడ్డాడు.

"పాపకు ఇనపడదు గదమ్మా?" అన్నాడు.

నాకు అలవాటైన కోపం గొంతుదాకా వచ్చింది. పాపను ఎత్తుకుని లేవబోయాను కూడా. కానీ ఎక్కడికి పోను? వెనక మా అమ్మ నిలబడి ఉంది, చుట్టూ నన్ను పుట్టినప్పటినుంచి ఎరిగినవాళ్ళు. ఏదో గొణిగాను.

"నా మొగం సూసి చెప్పు తల్లీ. నలభై ఏండ్లు రాళ్ళ మోతలో ఉండా, నాకూ ఇనపడదు. నీ పెదవులు సూసి తెలుసుకుంటాండా," అన్నాడు. "నాకు ముసిలితనంలో పోయినాయి చెవులు, మాటలు మిగిల్నాయి. ఈ పాపకు మాటలే రాకపాయ. బేగా సూపించు. ఇంగ ఆలస్యం చెయ్యాకు."

ఆయన ముఖం చూశాను. "ఇనపడదు నాయనా," అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు. మా అమ్మ "ఓయమ్మా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా అమ్మను అట్లా చూడలేకనే ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆ రోజు చూశాను. చచ్చిపోలేదు.

మర్నాడే నంద్యాలకు వచ్చేశాను. మా ఆయన ట్రాక్టరు సంగతి విని, మిషన్లు ఆపించి, చొక్కా మార్చుకుని మాతో వచ్చాడు. చెవుల డాక్టరు చూసి పరీక్ష రాశాడు. పాపకు నిద్రమందు తాగించి, నుదుటికీ చెవుల వెనకా తీగలు అంటించారు. నా ఒళ్ళో పడుకున్న పాపను చూస్తూ, మిషన్ తెర మీద గీతలను చూస్తూ కూర్చున్నాను. ఆ గీతల్లో ఒక్కటైనా లేస్తుందేమో అని చూశాను. నాకేం తెలుసు, ఏది లేస్తే మంచిదో.

పరీక్ష చేసిన మేడం చిన్న వయసు మనిషి. రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువ అని చెప్పింది. చెవులకు మిషన్లు పెడదామని, మాటలు నేర్పిద్దామని, కష్టపడాలని చెప్పింది. తర్వాత కాగితం ముందు పెట్టుకుని అడిగింది.

"మీకు మొదట అనుమానం ఎప్పుడొచ్చిందమ్మా?"

పోయిన వారం అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. పక్క కుర్చీలో మా ఆయన ఉన్నాడు. ట్రాక్టరు సంగతి విన్నప్పటినుంచి ఆయన నన్ను ఏమీ అనలేదు. అనకపోతేనే నాకు ఎక్కువ భయం.

"ఎనిమిది నెలలు," అన్నాను.

ఆమె పెన్ను ఆగింది. "ఎనిమిది నెలలు ఏం చేశారమ్మా?"

"పార్కులకు తిప్పినా," అన్నాను. నాకే అసహ్యం వేసింది.

"ఈ వయసులో ఒక్కో నెలా విలువైనదే. ముందే వచ్చి ఉంటే బాగుండేది," అని ఆమె రాసుకుంది. నేను తల దించుకుని మా ఆయన అరుపు కోసం ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే అరవాలనే కోరుకున్నాను. బిడ్డ వీపు మీద నేను కొట్టిన దెబ్బ ఆయన నాకు తిరిగి ఇస్తే బాగుండుననిపించింది.

ఆయన గోళ్ళలో ఇరుక్కున్న బండల పొడిని గిల్లుకుంటూ కూర్చున్నాడు. తర్వాత తలెత్తాడు.

"ఎనిమిది గాదు మేడం. ఏడాదిన్నర అని రాసుకోండి."

"ఏందీ?" అన్నాను నేను.

నావైపు చూడలేదు. "కరెంటు పోయి మిషన్లన్నీ ఆగిపోయినాయి ఒకనాడు. ఇల్లంతా సప్పుడు ల్యాకుండా ఉండె. పాప వాకిట్లో ఆడుకుంటాండె. ఎనకనుంచి పిల్చినా. మళ్ళ పిల్చినా. నువ్వు వంటింట్లో ఉండావు. నీకు సెప్పాలనే లోపలికొస్తి. నువ్వు నగుతాండావు. సెప్పలేకపోతి."

ఆ మేడం నేను చెప్పింది కొట్టేసి, ఆయన చెప్పింది రాసుకుంది.