తప్పులన్నీ మారప్పవే

ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదే అనడం హిందూపురం మెకానిక్ మారప్పకున్న జబ్బు. ఆయనకు వేరే దురలవాటు ఒక్కటీ లేదు. షెడ్డు మునిగిపోవడానికి ఇదొక్కటే చాలింది. ముంచిన మహానుభావుణ్ణి నేనే, పేరు వీరేష్.

కరెంటు పోతే, "నేనే, ఇప్పుడే వెల్డింగు పెట్టినా" అంటాడు. పోయింది ఊరంతా అని చెప్పినా వినడు. ముదిగుబ్బ బస్సు ఆలస్యమైతే, తాను మెల్లగా ఎక్కినందువల్లే అంటాడు. ఆయన భార్య బాలమ్మ నా దగ్గర ఒకసారి వాపోయింది.

"పెండ్లయి ఇరవై ఏండ్లాయ. ఒక్కరోజన్నా ఈయప్పతో తృప్తిగా కొట్లాడింది ల్యా. నేను నోరు తెరిసేలోగా ఒప్పుకుంటాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే గూడా, నా నాలుకే బాగల్యా అంటాడు."

ఇక నా కారు సంగతి. పాత కారే గానీ ఇంజన్ని బెంగళూరులో ట్యూనింగ్ చేయించాను. సైలెన్సర్ పైపులో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ అని ఒకటుంటుంది. ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతోందో, గాలి ఎక్కువ పీలుస్తోందో పసిగట్టి మీటరులో అంకె చూపిస్తుంది. దాన్ని బిగించింది మారప్పే. రెండు నెలలు తిరిగేసరికి ఆ అంకెకు కుదురు లేకుండా పోయింది. ఇంటి ముందు పద్నాలుగు. లైట్లు వేస్తే పదిహేడు. పెనుకొండ చేరేసరికి పదకొండు.

"ఏమన్నా ఇది?" అన్నాను.

"నా తప్పేనప్పా."

"ఏం తప్పు?"

"అది ఇంకా తెలీల్యా. తప్పు మాత్రం నాదే. కనుక్కుంటా ఉండు."

మూడు రోజులు వెతికాడు. సెన్సర్‌కు ముందు ఎక్కడైనా లీకుంటే బయటిగాలి దూరి అంకె తప్పుతుందని, పైపు అతుకులన్నిటికీ సబ్బు నురగ పూసి చూశాడు. ఒక్క బుడగ లేవలేదు. సెన్సర్ ఊడదీసి బయటిగాలిలో పెట్టి చూశాడు, అదీ బాగానే ఉంది. నాలుగో రోజు బానెట్ కింద తల దూర్చి చాలాసేపు బయటికి రాలేదు.

వచ్చి, "దొరికిందప్పా. సెన్సర్ ఎర్త్ వైరు. బ్యాటరీ పక్కన దాన్ని బాడీకి పట్టించే బోల్టు నేను సరిగా బిగించల్యా" అన్నాడు.

నాకు మండింది. "బోల్టు బిగించడం రాని నీకు షెడ్డెందుకన్నా?" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? ధర్మవరం దాకా తెలిసిన కార్లవాళ్లందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను. వాళ్లు అడిగితే మారప్ప కూడా "నిజమేనప్పా" అన్నాడట. కార్లు రావడం తగ్గిపోయింది. షెడ్డులో నాలుగు స్కూటర్లు మిగిలాయి.

ఆరు నెలల తర్వాత ఒకరోజు మా అవ్వ హనుమక్క కారు ముందు బంపరుకు దిష్టి నిమ్మకాయ కడుతూ కనిపించింది.

"ఈడ కడితే నిలుస్తాదా అవ్వా?"

"ముందు లోపలే కడతాంటి, బ్యాటరీ పక్కన సందులో. బయట కడితే ఎవురన్నా తెంపుకపోతారని. నువ్వు మూత తెరిసిపెట్టి మొగం కడుక్కునేదానికి పోతాంటివే, అప్పుడు. అమాసకొకటి. ఆ రసం కారి ఏదో బోల్టుకు పచ్చగా చిలుమెక్కిందంట. మారప్పే దాన్ని గీకినాడు. లోపల కడితే దిష్టి దిగదవ్వా, ముందర కట్టుకో అన్న్యాడు. నీకు చెప్పొద్దన్న్యాడు. నీ కోపం ఊరికంతా తెలుసు గదా."

సిగ్గుతో చచ్చినంత పనైంది. నేరుగా షెడ్డుకు పోయాను.

"ఎందుకన్నా నీ నెత్తిన వేసుకున్నావు?"

మారప్ప స్పానర్ తుడుచుకుంటూ, "ఏం జెయ్యమంటావప్పా? నువ్వు చల్లగుండాలని ముసలామె కట్టింది. నువ్వు అరిస్తివంటే ఇంక జన్మలో నీకు దిష్టి తియ్యదు. నాకైతే అలవాటే" అన్నాడు.

ఆ రోజే మళ్లీ ఫోన్లు మొదలుపెట్టాను. తప్పు మారప్పది కాదు, మా ఇంటిదేనని అందరికీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. "ఆయప్పే ఒప్పుకున్న్యాడు గదప్పా" అన్నారు. అంత మంచిపేరు నాలుగు ఫోన్లతో పోగొట్టాను, నలభై ఫోన్లు చేసినా తిరిగి తేలేకపోతున్నాను. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం నా కారు తీసుకుపోయి ఆయన షెడ్డు ముందర బానెట్ ఎత్తి నిలబెడుతున్నాను. పోయేవాళ్లు ఏదో పెద్ద పని జరుగుతోందనుకుని ఆగుతారు. మొన్న రొద్దం నుంచి ఒకాయన కారు తెచ్చాడు. మారప్ప లోపల ఉండగా నన్ను పక్కకు పిలిచి, "పని బాగా చేస్తాడాప్పా?" అని అడిగాడు.

"చేస్తాడు. తప్పెవరిదో మాత్రం ఆయన్ను అడగొద్దు" అన్నాను.