గాలిమరకు లావుపాటి పంపు

తెలిసింది గోరంత, ధైర్యం కొండంత ఉండే వయసు ఒకటుంటుంది. నాకది గురుగ్రామ్‌లో, మొదటి ఉద్యోగంలో, ప్రొబేషన్‌లో ఉండగా వచ్చింది. ఢిల్లీ జియా సరాయ్‌లో మంచం మాత్రమే పట్టే గదిలో ఉంటూ (రెండో మనిషి లోపలికొస్తే మొదటివాడు మంచమెక్కాలి), ఆఫీసులో మాత్రం లోకానికంతా నేనే నీళ్లు పోస్తున్నట్టు తిరిగేవాణ్ణి. మా కంపెనీ పొలాల్లో గాలిమరలు పెట్టేది. సోహ్నా వైపు పొలం కొనుక్కుని స్థిరపడిన శ్రీకాకుళం సుబేదారుగారు, రిటైరయ్యారు లెండి, తన బావికి ఒకటి అడిగారు. అక్కడ కరెంటు లేదు. రెండు వందల నిమ్మమొక్కలకు ఆయన, ఆయన భార్య (నాకు ఆంటీ) బిందెలతో నీళ్లు మోస్తున్నారు. మే నెలలో ఆ మొక్కలు బతకాలన్నా, నా ఉద్యోగం నిలవాలన్నా గాలిమర తిరగాలి. పంపు, గొట్టాలు ఎంచే పని బాసు నాకు అప్పగించాడు.

మాది అనంతపురం. మా వైపు మోటారు ఎంత పెద్దదైతే ఇంటాయన మీసం అంత పైకి లేస్తుంది. అందుకని కేటలాగులో ఉన్నవాటిలోకెల్లా లావుపాటి పంపుకు టిక్కు పెట్టాను. గొట్టం మాత్రం సన్నది తీసుకున్నాను (నీళ్లు జోరుగా వస్తాయని; పైపు చివర బొటనవేలు అడ్డంపెట్టి ఆడుకున్న అనుభవం). బిగించడానికొచ్చిన హర్యానా మేస్త్రీని అందరూ తావూజీ (వాళ్ల భాషలో పెదనాన్న) అనేవారు. ఆయన పంపును ఎత్తి చూసి, ఇక్కడి గాలి ఇంత బరువు లాగలేదు, చిన్నది పెట్టమన్నాడు. నేను లాప్‌టాప్ తెరిచి లెక్కలు చూపించాను. ఆయన దానికేసి గౌరవంగా చూసి, "ఠీక్ హై, ఇంజనీర్ సాబ్" అని బిగించేశాడు.

ప్రారంభానికి బాసు వచ్చాడు, ఆంటీ కొబ్బరికాయ కొట్టింది, బ్రేకు వదిలారు. చక్రం మూరెడు కదిలి ఆగిపోయింది. చెట్ల ఆకులు కదులుతున్నాయి, ఆంటీ కొంగు ఎగురుతోంది, ఈ మహాతల్లి మాత్రం ఉలకదు పలకదు. బాసు తావూజీ మీద పడ్డాడు. బిగించడం చేతకాకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు. తావూజీ నావైపు చూడనైనా చూడలేదు. అదే నా ప్రాణం తీసింది.

"పంపు ఎంచింది నేను సార్. ఆయన వద్దనే అన్నాడు."

బాసు ప్రొబేషన్ పొడిగించి, నీళ్లొచ్చేదాకా ఆఫీసులో మొహం చూపించొద్దన్నాడు. గొట్టం పంపుకంటే వెడల్పుగా ఉంటే పంపును, చక్రం నుంచి దానికి దిగే కడ్డీతోనే పైకి లాగేయొచ్చట. నాది సన్నగొట్టమాయె! ఎనభై అడుగుల గొట్టమంతా ముక్కముక్కగా విప్పి పైకి లాగాం. నా చేతులు బొబ్బలెక్కాయి. తావూజీ ఒక్క మాట అనకుండా మధ్యమధ్యలో చాయ్ పోశాడు (తిట్టినా బాగుండేది). చిన్న పంపు, వెడల్పు గొట్టం దించాక అదే గాలికి చక్రం హాయిగా తిరిగింది. నీళ్లు మాత్రం చిటికెనవేలంత ధార. నాకు సిగ్గేసింది. సుబేదారుగారు ధార కింద చెయ్యి పెట్టి, "ఆగకండా వస్తే ఇదే చాలు బాబూ" అన్నారు. సాయంత్రానికి తొట్టి నిండింది. ఆంటీ బిందె బోర్లించి దానిమీద కూర్చుంది.

ఇప్పుడు నా కింద పదిమంది ఇంజనీర్లున్నారు. పంపులు ఎంచడం బాగానే వచ్చేసింది. కానీ ఎవరూ అడక్కుండానే "నేను సార్" అన్న ఆ తెలివితక్కువ కుర్రాడు గుర్తొస్తే ముచ్చటేస్తుంది. ఇవాళ చక్రం ఆగిపోతే నేను ముందుగా నలుగురికి మెయిలు పెడతాను, "ఇది మనమందరం కలిసి తీసుకున్న నిర్ణయం" అని.