చేతులెత్తితే ఆపాలి

మా ఆయన పని పోయిన కొత్తలో నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. పోయింది ఆయన పని, నిలకడ తప్పింది నాకు. ఆయన మాత్రం షిఫ్టు వేళకి లేచి, స్నానం చేసి, టీ గ్లాసు పట్టుకుని మేడెక్కేవాడు. మేనత్త కొడుకు కావడంతో పెళ్లయి ఇన్నేళ్లయినా నాకు ఆయన బావే. కాబట్టి భయభక్తులు తక్కువ, నోరు ఎక్కువ.

“మేడ మీద ఏటి సేత్తన్నావ్ బావా?”

“గాలి సూత్తన్నానే.”

“గాలి సూసి ఏటి సేత్తావు? వడియాలెడతావా?”

ఆయన నవ్వేవాడు కాదు. ఆ మనిషి నవ్వకపోతే నాకు ఒళ్లు మండిపోయేది. తిట్టినా బాగుండు, కంచం విసిరినా బాగుండు. అలా ఆకాశంలోకి చూస్తూ కూర్చుంటే ఏమనుకోవాలి?

బావ హార్బరులో ఓ కాంట్రాక్టరు కింద క్రేన్ ఆపరేటరు. పెళ్లికి ముందు నుంచీ అదే పని. అంతెత్తున అద్దాల కేబిన్‌లో కూర్చుని, కాళ్ల కింద అద్దంలోంచి ఓడ కడుపులోకి చూస్తూ, రెండు చేతులా రెండు లివర్లు పట్టుకుని బరువులు లేపి దించేవాడు. పొద్దున్నే గాలి ఎటు వీస్తోందో చూడకుండా ఏనాడూ డ్యూటీకి వెళ్లలేదు. తర్వాత కొత్త క్రేన్లొచ్చాయి. వాటి మీద మనిషి ఉండడు. ఎక్కడో ఏసీ గదిలో టీవీల్లాంటి తెరల ముందు కూర్చుని కుర్రాళ్లు నడుపుతారు. మా బావలాంటి వాళ్లని పిలిచి, మీ సంగతి చూసి చెబుతాం అన్నారు. ఆ మాట అన్నవాళ్లు మళ్లీ ఫోనెత్తలేదు. వద్దంటే వద్దని చెప్పినా పీడా విరగడయ్యేది. ఆ ముక్క చెప్పక, ఆయన్ని మేడ మీద కూర్చోబెట్టారు.

నా సంగతీ అంతంతమాత్రమే. కూర్మన్నపాలెంలో మా నాన్న పెట్టిన ఫొటో స్టూడియో నాది. ఒకప్పుడు ఉక్కునగరం సెక్టార్లలో సీమంతమన్నా, పుట్టినరోజన్నా, ఓణీల ఫంక్షనన్నా నేనే. ఆడమనిషి ఫొటోగ్రాఫరంటే పెద్దవాళ్లకి ధైర్యం. ఫ్యాక్టరీ గేటు పాసు ఫొటోలకి పొద్దున్నే అరుగు మీద క్యూ ఉండేది. ఇప్పుడు గేటు దగ్గరే కెమెరా ముఖం పట్టేస్తోంది, పుట్టినరోజులు ఫోన్లలో అయిపోతున్నాయి. పెళ్లిళ్లకి పిలిచేవాళ్లు మాత్రం ముందు నా మొహం కాదు, నా సంచీ వైపు చూస్తున్నారు.

“డ్రోన్ ఉందేటమ్మా?”

లేదంటే, అయితే కబురు చేస్తాంలే అని లేచిపోతారు. ఎన్నాళ్లని ఆ మాట పడతాం? మెడలో ఉన్న గొలుసు గురించి ఇక్కడ రాయను, అది నాకూ బావకీ మధ్య సంగతి. మొత్తానికి ఒక పాత డ్రోన్ కొని తెచ్చాను.

కొనడం ఒక ఎత్తు, ఎగరేయడం ఒక ఎత్తు. మా ఊళ్లో డ్రోన్ కొన్నవాడికి మొదట తెలిసేది ఆకాశం మనది కాదని. ఫోన్లో మ్యాపు తెరిస్తే విమానాశ్రయం ఎరుపు, నేవీ ఎరుపు, హార్బరు ఎరుపు, మా ఇంటి చుట్టూ ఎరుపే. చీర పరిచినట్టు ఊరంతా అదే రంగు. ఆనందపురం దాటి ఇంకా లోపలికి పోతేగాని ఆకుపచ్చ రాలేదు. అక్కడ కోతలైపోయిన చేను ఒకటి అడిగి పుచ్చుకున్నాను. ఆదివారం పూట బావని స్కూటరెక్కించాను. తోడు కోసం కాదు, మేడ దిగుతాడని.

నా చేతుల సంగతి చెప్పుకుంటే సిగ్గు. రిమోట్ మీద ఎడమ చేతి పుల్ల పైకీ కిందకీ, కుడి చేతి పుల్ల ముందుకీ వెనక్కీ. ఇంతే కదా! కానీ నాకున్నది తొందర. పైకంటే పైకే తోసేస్తాను, పక్కకంటే పక్కకే లాగేస్తాను. అది కాస్తా పోయి పక్క జీడి తోటలో ఓ చెట్టుకి చిక్కుకుంది. కొమ్మ విరక్కుండా దాన్ని దింపేసరికి నా మోచేతులు గీసుకుపోయాయి. ఇంకో రెక్క తగిలించి మళ్లీ ఎత్తాను, మళ్లీ అదే చెట్టు. ఆ చెట్టుకి నా మీద పగేమో అనిపించింది.

అప్పటిదాకా స్కూటర్ మీద కూర్చున్న బావ లేచొచ్చాడు.

“ఇలా ఇయ్యే. పీకుతన్నావేటి, కలుపు మొక్కనుకున్నావా?”

రిమోట్ అందుకున్నాడు. గాలి చూశాడు. వెంటనే ఎత్తుతాడనుకుంటే, నా వైపు చూస్తూ నిలబడిపోయాడు.

“ఎత్తు బావా!”

“సైగ సెయ్యి మరి. సైగ లేకుండా నానెలా ఎత్తుతాను?”

పై నుంచి ఆపరేటరుకి అన్నీ కనబడవట. అందుకే కింద సిగ్నల్‌మ్యాన్ చెయ్యి తిప్పితే ఎత్తుతాడు, అరచెయ్యి కిందకి ఊపితే దింపుతాడు. ఇన్నేళ్లలో సైగ లేకుండా లివరు ముట్టుకోలేదు. సరే, ఖర్మ అనుకుని, ఎండలో చేను మధ్య దిష్టిబొమ్మలా నిలబడి చెయ్యి తిప్పాను. డ్రోన్ లేచింది. నిండు బిందె ఎత్తుకున్న మనిషి నడిచినట్టు, తొణక్కుండా లేచింది. జీడి తోట చుట్టూ తిరిగి, నా తల మీంచి రాకుండా, నన్ను దూరంగా చుట్టి వచ్చి దిగింది. నాకు కుళ్లూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చాన్నాళ్లకి బావ మొహంలో నెత్తురు కనబడింది.

అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ మనిషిని మళ్లీ మేడెక్కనివ్వకూడదని. పదో తరగతి పాసయ్యాడు కాబట్టి డ్రోన్ పైలట్ శిక్షణకి పంపాను. కుర్రాళ్ల మధ్య నెరిసిన జుట్టుతో కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఎవరైనా అడిగితే పైలట్ అని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు. ఆయన బదులు నేను చెప్పేదాన్ని, అడగనివాళ్లకి కూడా.

మొదటి పెళ్లి ఆనందపురం అవతల పల్లెలో. పగటి ముహూర్తం. వీధి పొడుగునా పెళ్లికొడుకు ఊరేగింపు, డప్పులు, ముందు ఆడవాళ్లు. బావ డ్రోన్ ఎత్తాడు. జనం తల మీంచి కాకుండా వీధి పక్కగా, ఊరేగింపుతో పాటు నడిపించాలని మా ఒప్పందం. నాలుగు బారలు కదిలిందో లేదో ఆగిపోయింది. మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది. నేను కెమెరా వదిలేసి బావ దగ్గరికి పరిగెత్తాను.

“ఆపేసినావేటి బావా?”

“ఆపమంతన్నారు కదే!”

“ఎవులు?”

“అందరూ! సూడు!”

చూశాను. వీధి వీధంతా తలెత్తి, రెండు చేతులూ పైకెత్తి డ్రోన్‌కి ఊపుతోంది. ముసలమ్మలు, డప్పులవాళ్లు, ఆఖరికి పెళ్లికొడుకు కూడా. నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

“ఓరి నాయనో! ఆల్లు సరదాకి ఊపుతన్నారు బావా, పోనీ!”

“అలగనకే. ఎత్తడానికీ దించడానికీ ఒక్కడి సైగే సూడాల. ఆపడానికి మాత్రం ఎవుడు సేతులెత్తినా ఆపాల. మేనేజరెత్తినా ఆపాల, ఊడిసేవోడెత్తినా ఆపాల. ముందాపు, తరవాతడుగు. అలగున్నాను కాబట్టే నా కొక్కెం కింద మనిసి పోలేదు.”

ఆయన కావాలని ఆపడం లేదు. వద్దనుకున్నా బొటనవేళ్లు అవే ఆగిపోతున్నాయి. ఆ పూటంతా డ్రోన్ పాత బస్సులా ఆగి ఆగి నడిచింది. పెళ్లికూతురు మేనమామ వచ్చి, ఇదేటమ్మా, గాల్లో కూడా స్టాపులున్నాయేటి అని అందరి ముందూ అన్నాడు. బావ డ్రోన్ పెట్టెలో సర్దేశాడు. ఇంటికొచ్చాక, నాకిది రాదే, నువ్వు వేరే మనిసిని సూసుకో అని మేడ మెట్ల వైపు నడిచాడు. ఆ మెట్లెక్కితే ఇక దిగడని భయం వేసింది. మెట్లకి అడ్డంగా కూర్చున్నాను. తిట్టాను, బతిమాలాను, మళ్లీ తిట్టాను. చివరికి ఆకలేస్తోంది లేవవే అన్నాడు.

ఆ పెళ్లి వీడియో ఎలాగో కత్తిరించి ఇచ్చాను. పనికి పిలిచేవాళ్లు ఒకరిద్దరు వచ్చారు, మిగతావాళ్లు రాలేదు. పెళ్లిళ్లు లేని మూఢం రోజులొచ్చాయి. నాకు మళ్లీ కాలు నిలవడం లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే తీసి చూసుకునేదాన్ని. అలాంటప్పుడు శిక్షణలో బావతో పాటు కూర్చున్న కుర్రాడొకడు కబురు చెప్పాడు. రుషికొండ వైపు ఆఫీసున్న ఒక కంపెనీకి పైలట్ కావాలట. పెళ్లిళ్లు కావు, కొలతలు. కంకర గుట్టలు, బొగ్గు గుట్టలు, మట్టి గుట్టలు. డ్రోన్ పై నుంచి వరసగా ఫొటోలు తీస్తే గుట్టలో సరుకెంతో కంప్యూటరు చెప్పేస్తుందట. నెలజీతం. పరీక్షగా ఓ కంకర యార్డులో ఎగరేసి చూపించమన్నారు. బావ కన్నా ముందు నేను తయారయ్యాను.

యార్డు దగ్గరికి వచ్చిన ఆఫీసరు కుర్రాడే. కృష్ణా జిల్లా మాట, మంచి మర్యాద. టాబ్లెట్‌లో గుట్ట మీద గీతలు గీసి చూపించాడు.

“ఇదిగో అంకుల్, ఈ గీతల మీద అదే వెళ్తుంది. అదే ఫొటోలు తీసుకుంటుంది. అదే వచ్చి దిగుతుంది.”

“మరి నానెందుకు బాబూ?”

“ఏదైనా తేడా వస్తే ఆపడానికండీ. కొన్నాళ్లే లెండి. ముందు ముందు యార్డుకి మనిషి రావక్కర్లేదు, ఆఫీసులో కూర్చుని నడిపేయొచ్చు.”

సంతోషంగానే చెప్పాడు, పాపం. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్లీ ఆ ఏసీ గదేనా? ఎంత పరిగెత్తినా మనకన్నా ముందే ఓ గది వెళ్లి కూర్చుంటుందా? పద బావా, ఎల్పోదాం అని నోటిదాకా వచ్చింది. బావ నా భుజం మీద చెయ్యేసి, ఉండే, ఉన్నన్నాళ్లు సేద్దాం అన్నాడు.

యార్డంతా ఖాళీ చేయించామని చెప్పారు. బావ గాలి చూసుకున్నాడు. నేను దూరంగా నిలబడి చెయ్యి తిప్పాను. డ్రోన్ లేచి గీత పట్టుకుంది. ఒక గీత అయింది, రెండో గీత అయింది. ఆఫీసరు టాబ్లెట్ చూస్తూ తల ఊపుతున్నాడు. పని వచ్చేసినట్టే అనుకున్నాను.

అప్పుడు గుట్ట అవతలి వైపు నుంచి ఒక మనిషి పైకొచ్చాడు. గుట్ట కొలిచే పొడుగు టేపు ఒక చివర ఆయన చేతిలో ఉంది, రెండో చివర పట్టుకుని వెనకాల ఇంకో మనిషి. ఇద్దరూ నడివయసు దాటినవాళ్లే. డ్రోన్ చూసి ముందున్న మనిషి టేపు కింద పడేసి రెండు చేతులూ ఎత్తాడు.

బావ బొటనవేలు బటన్ మీద పడింది. డ్రోన్ ఉన్నచోటే నిలబడిపోయింది.

“ఊరికే ఊపుతున్నాడు అంకుల్, పక్క నుంచి పోతుంది, కానివ్వండి” అన్నాడు ఆఫీసరు.

“ఊరికేనో కాదో ఆపితేగాని తెల్దు కదా బాబూ.”

పెళ్లి వీధి మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. ఆ మనిషి కంకర మీద జారుకుంటూ దిగి మా దగ్గరికొచ్చాడు. రొప్పుతున్నాడు. మా ముగ్గురినీ చూసి, రిమోట్ పట్టుకున్న బావతోనే మాట్లాడాడు. మా వైపు మగాళ్లు ముఖపరిచయం లేకపోయినా బావా అనే పిలుచుకుంటారు.

“బావా, ఓపాలి ఆగు. ఇది మా గుట్ట కొలిసేత్తదేటి?”

“కొలిసేత్తది.”

“అయితే రేపట్నుంచి మమ్మల్ని రావొద్దంటారా?”

ఆఫీసరు మధ్యలోకొచ్చాడు. “అలాంటిదేం లేదండీ. పైవాళ్లు అన్నీ చూసి చెబుతారు.”

బావ ఆఫీసరు వైపు చూడలేదు. డ్రోన్ పైన గుయ్‌మంటోంది. నేను బావ చొక్కా పట్టుకు లాగాను, ఊరుకో, నీకెందుకు అని. ఆయన వినలేదు.

“రావొద్దంటారు బావా. నేడో రేపో అనేత్తారు. ఇప్పట్నుంచే ఇంకో పని సూసుకో.”

ఆఫీసరు మొహం ఎర్రబడింది. అయిపోయింది, చేతిదాకా వచ్చింది నేలపాలు చేశాడు అనుకున్నాను. ఆ క్షణంలో మా బావని చంపేయాలనిపించింది. నిజంగానే అంత కోపం వచ్చింది.

ఆ మనిషి మాత్రం కోప్పడలేదు. “సెప్పినావు, మంచిది” అన్నాడు. వెనక్కి తిరిగి మళ్లీ గుట్టెక్కాడు. పైనున్న రెండో మనిషితో ఏదో అన్నాడు.

“బ్యాటరీ తగ్గుతోంది అంకుల్” అన్నాడు ఆఫీసరు.

“మనుసులున్నారు బాబూ. దిగనీ.”

ఇద్దరూ నెమ్మదిగా దిగి పక్కకి వెళ్లేదాకా ఆగాడు బావ. దిగాక కూడా ఓసారి గుట్టంతా చూసి అప్పుడు బటన్ నొక్కాడు. డ్రోన్ ఆగిన దగ్గర్నుంచే గీత అందుకుని, ఖాళీ గుట్ట మీంచి చివరిదాకా వెళ్లి, వచ్చి దిగింది. ఒక్క ఫొటో కూడా తప్పలేదట. ఆఫీసరు టాబ్లెట్ మూశాడు.

“ఆపడానికే కదా మనిషి కావాలన్నాం. సోమవారం నుంచి రండి అంకుల్” అన్నాడు చివరికి.

ఆ మాట కోసం నేను ఎన్ని నెలలు తిరిగాను! తీరా చెవిన పడ్డాక బావ మొహం చూడలేక గేటు వైపు తిరిగాను. టేపు చుట్టుకుంటూ వాళ్లిద్దరూ నడిచి వెళ్లిపోతున్నారు.