ఒకే జాబితా

వైటూకే హడావిడి ముగిశాక ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలో నాకు దొరికిన పని, ఓజోన్ పొరను తినేసే ఫ్రిజ్ గ్యాసుల దిగుమతులను నమోదు చేసే ప్రోగ్రామ్ రాయడం. దాన్ని వాడబోయేది ఆఫ్రికాలోని కొన్ని ఇరుగుపొరుగు దేశాల అధికారులు. ఒక సరిహద్దులో వెనక్కి పంపిన సిలిండర్లు పక్క దేశంలో దూరకుండా, అందరికీ కనిపించే ఒకే జాబితా కావాలని వాళ్ళు పట్టుబట్టారు.

మా టీమ్ లీడ్‌ది గుంటూరు. "వాళ్ళలో వాళ్ళకే పడదు, మళ్ళీ షేరింగా? కంట్రీకో ఫైల్ ఇచ్చేసి ప్రాజెక్ట్ క్లోజ్ చెయ్యవయ్యా," అన్నాడు.

"చెయ్యను సార్. వాళ్ళు అడిగిందే ఇస్తా."

"నీ వీసా లెటర్ మీద సంతకం పెట్టాల్సింది నేనే. గుర్తుందా?"

"గుర్తుంది. పెట్టకపోతే పెట్టకండి."

ఆయన మొహం ముడుచుకుని లంచ్‌కి లేచాడు. బయటికి వెళ్ళేముందు రోజూలాగే డ్రాయర్‌లోంచి సన్‌స్క్రీన్ తీసి మెడకూ చెవులకూ పట్టించసాగాడు.

"అది ఎందుకు సార్?" అన్నాను.

"ఇక్కడి ఎండ డేంజర్ కదయ్యా. పైన ఓజోన్ పలచబడిపోయిందిగా."

"అది మళ్ళీ పూడాలనే సార్, ఆ ఒకరికొకరు పడనివాళ్ళు ఒకే జాబితా అడుగుతున్నారు. మీ మెడ కోసం కూడా."