రహీం సాయిబు కుట్టిన తెల్లకాగితం

1942లో తాను విశాఖ రేవు మీద బాంబులు వేసిన రోజున కింద మనుషులెవరూ లేరని ఒక జపాన్ పైలట్ తన యుద్ధజ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. అది తప్పు. కింద కరీం ఉన్నాడు.

ఇవాళ మా మనవరాలు పుస్తకానికి అట్ట వేయడానికి మైదా జిగురు ఉడికించింది. ఆ వాసనకు వన్ టౌన్‌లో రహీం సాయిబు బైండింగు కొట్టు కళ్ళ ముందుకొచ్చింది. కరీం ఆయన తమ్ముడు, రేవులో కూలీ, ఆ దాడిలోనే పోయాడు. డెబ్బైల్లో నేనూ ఆ రేవులోనే ఇనుపఖనిజం ఓడల దగ్గర పనిచేసేవాణ్ణి. మా ఊరు పద్మనాభంలో మూడో తరగతితో బడి మానేసిన నన్ను ఆదివారాలు కొట్లో కూర్చోబెట్టి ఇంగ్లీషు చదవడం నేర్పింది సాయిబే.

పైలట్ రాసిన ఆ పుస్తకం మా రేవుకొచ్చిన ఒక జపాన్ ఓడ అధికారి దగ్గరిది. అట్ట ఊడిపోతే బాగుచేయించమని నాకిచ్చాడు. ఇంగ్లీషు అనువాదం. కూడబలుక్కుంటూ సాయిబుకు చదివి వినిపించాను. తన భయం, తిరిగిరాని స్నేహితులు, ఇంధనం చాలదేమోనన్న బెంగ, అన్నీ బాగానే రాశాడు పైలట్. కింద మనుషులెవరూ లేరన్న వాక్యం దగ్గర సాయిబు చేతిలో సూది ఆగింది.

"ఏటన్నాడు? మళ్ళీ సదువు."

చదివాను. ఒళ్ళు మండి పుట చింపబోయాను.

"సెయ్యి తియ్రా అప్పన్నా. మనకిచ్చింది కుట్టడానికి, సింపడానికి కాదు."

"అబద్ధం రాత్తే ఊరుకుంటారేటి సాయిబుగారూ?"

"ఊరుకోమని ఎవడన్నాడు? ఆడు పైనుంచి సూసింది రాసినాడు. మనం కిందనుంచి రాద్దాం."

పుట పోయిన పుస్తకం వస్తే అక్కడ తెల్లకాగితం కలిపి కుట్టడం ఆయన పద్ధతి, పోయిన పుటలోది ఎక్కడైనా దొరికినప్పుడు రాసుకుంటారని. ఇక్కడ పుట పోకపోయినా అలాగే కుట్టాడు. నేను ముందు వేరే కాగితం మీద తిట్లు రాశాను.

"తిట్లు ఎవడైనా రాత్తాడు. మావోడు ఏటి తింతన్నాడో అది రాయి."

చివరికి ఆ తెల్లకాగితం మీద సాయిబు మాటగా నేను ఇంగ్లీషులో రాసింది ఇంతే: నా తమ్ముడు కరీం ఆ రోజు గోదాము నీడలో చేపలకూర అన్నం తింటున్నాడు. పంతొమ్మిదేళ్ళు. ఈల బాగా వేసేవాడు.

ఓడ వెళ్ళిపోయాక, "ఆ కాగితం పీకి సముద్రంలో పడేత్తారండీ" అన్నాను.

"పీకమను. నా కుట్టుకి పుస్తకమంతా ఊడి వత్తాది" అని నవ్వాడు సాయిబు.

నాకిప్పటికీ కోపం ఎక్కువే. పత్రికలో తప్పు కనబడితే ఉత్తరం రాయకుండా ఉండలేను. మొదటి చిత్తు మాత్రం చింపేసి రెండోది పంపుతాను.

ఆ ఓడ వెళ్ళిన ఏడాదికి అదే అధికారి, మా కాగితం పైలట్‌కి చూపించి, అతను రాసిన జవాబు తెచ్చాడు. సాయిబు ఆ ఆదివారమంతా దాన్ని నాచేత చదివించుకుంటూనే ఉన్నాడు.

"అంత ఎత్తు నుంచి నాకు రేకు కప్పులే కనిపించాయి. కనిపించని వాళ్ళని లేరని రాశాను. తప్పు నాదే. మళ్ళీ అచ్చు వేస్తే కరీం గారి పేరు ఉంటుంది. ఆయన ఈల వేసే పాట ఏదో రాయగలరా?"